ఉపాలి కత్తి: క్షవరంలో కుల చరిత్ర, సంఘ చరిత్ర

కులం ఎక్కడెక్కడ కాపలా కాసిందని అడిగితే గుడి, బావి, బడి అని వెంటనే చెబుతాం. మంగలి కత్తి చాలామందికి గుర్తుకు రాదు. కానీ క్షవరం అనేది ఒక మనిషి ముఖాన్నీ తలనూ మరో మనిషి చేత్తో తాకక తప్పని పని. తాకడం దగ్గరే మొదలయ్యే అంటరానితనం అక్కడ తన నిజరూపం చూపించుకుంది. ఎవరి గడ్డం గీయవచ్చు, ఎవరి తల ముట్టకూడదు అన్నది ఊరు నిర్ణయించేది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ పేరుతో రాసుకున్న జ్ఞాపకాల్లో తన సతారా బాల్యం గురించి చెప్పారు. ఇంట్లో పిల్లలందరికీ జుట్టు కత్తిరించేది ఆయన పెద్దక్కే. ఆ పనిలో ఆమెకు మంచి చెయ్యి తిరిగింది. ఊళ్లో మంగళ్లు ఉన్నారు, ఇవ్వడానికి వీళ్ల దగ్గర డబ్బూ ఉంది. అంటరానివాళ్ల పిల్లల తల ముట్టుకోవడానికి ఏ మంగలీ ఒప్పుకోకపోవడమే కారణం. అలా ఒక అక్క వేళ్లకు అబ్బిన నేర్పు వెనక ఒక సమాజం చేసిన నిరాకరణ ఉంది.

ఇదే కత్తికి మరో చరిత్ర కూడా ఉంది. సుమారు 2500 ఏళ్ల కిందట బుద్ధుడి సంఘం ఈ కత్తిని ఒక కులం చేతి నుంచి తీసి అందరి చేతుల్లో పెట్టింది. ఆ కత్తి పట్టిన మనిషిని తన నియమాలకు సంరక్షకుణ్ణి చేసుకుంది. ఆ చరిత్రను తెలుసుకోవాలంటే ముందుగా ఆ పనితనాన్ని అర్థం చేసుకోవాలి.

పేరులోనే నీళ్లు

పాళీలో మంగలిని ‘నహాపిత’ అంటారు. స్నానం చేయించడం అనే అర్థమున్న ధాతువు నుంచే ఈ మాట పుట్టింది. మరాఠీలో ‘న్హావీ’, హిందీలో ‘నాయీ’ ఈ కుటుంబంలోవే. మన దగ్గర నాయీ బ్రాహ్మణులు అనే పేరులో ఉన్న ‘నాయీ’ కూడా అదే. అంటే ఈ వృత్తికి పాతకాలం వాళ్లు కత్తిని బట్టి కాక నీళ్లను బట్టి పేరు పెట్టారు. పని తెలిసినవాళ్లు పెట్టిన పేరు అది.

వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. పొడిగా ఉన్నప్పుడు అది గట్టిగా, మొండిగా ఉంటుంది. తడిస్తే తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తబడిన వెంట్రుక కత్తి తగలగానే తెగుతుంది. పొడి వెంట్రుక కత్తిని లాగుతుంది. ఆ లాగుడుకే చర్మం గీసుకుపోయి మంట పుడుతుంది. మనం బ్లేడును తిట్టుకునే చాలా సందర్భాల్లో అసలు లోపం నీళ్లు చాలకపోవడమే.

దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో మొదటి ధ్యానాన్ని వివరించడానికి బుద్ధుడు ఒక ఉపమానం ఎంచుకున్నాడు. నేర్పరి అయిన స్నానం చేయించేవాడు, లేదా అతని శిష్యుడు, కంచు పళ్లెంలో స్నానపు పొడి వేసి కొంచెం కొంచెంగా నీళ్లు చిలకరిస్తూ కలుపుతాడు. తడి లోపలా బయటా సమంగా పట్టి ముద్ద అవుతుంది, కానీ ఒక్క చుక్కా కారదు. గిన్నెలో సబ్బు నురగ చేసుకున్నవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. నీళ్లు తక్కువైతే నురగ పొడిబారి గడ్డం మీదే ఎండిపోతుంది. ఎక్కువైతే బుడగలై కారిపోతుంది. చిక్కని మీగడలా నిలిచినప్పుడే అది వెంట్రుక తడిని పట్టి ఉంచుతుంది, కత్తి జారడానికి దారి ఇస్తుంది. చిత్త ఏకాగ్రతను వివరించడానికి బుద్ధుడు ఒక సేవకుడి చేతిపనిని తీసుకున్నాడని మనం మరవకూడదు.

చెయ్యి తిరిగిన పని

మంగలి పొదిలో ఏముంటాయో పల్లెల్లో పెరిగిన పెద్దలకు తెలుసు. కత్తి, సానరాయి, తోలుపట్టీ, కత్తెర, నీళ్ల గిన్నె, పటిక ముక్క. ప్రతి వస్తువు వెనకా ఒక కారణం ఉంది. సానరాయి అంచును తీస్తుంది. తోలుపట్టీ ఆ అంచును సరిచేసి నునుపు చేస్తుంది. మొండి కత్తితో పని చేసేవాడు బలం పెట్టాల్సి వస్తుంది, బలం పెడితే చర్మం తెగుతుంది. అందుకే పనిమంతుడు గీయడం కన్నా నూరడం మీద ఎక్కువ శ్రద్ధ పెడతాడు.

మిగిలిన పద్ధతీ అంతే సూటిగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లతో గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు బాగా తడపాలి, లేదా స్నానం అయ్యాక గీసుకోవాలి. నురగను వేళ్లతోనో బ్రష్షుతోనో వెంట్రుకల మొదళ్లకు పట్టించాలి. అరచేత్తో తడిమి వెంట్రుక ఎటు వాలి మొలిచిందో తెలుసుకోవాలి. చెంప మీద ఒక వాలు, గొంతు కింద మరో వాలు ఉంటాయి. తల మీదైతే సుడి చుట్టూ దిక్కు మారుతూ ఉంటుంది. మొదటిసారి ఆ వాలు వెంటే కత్తి నడపాలి. రెండో చేత్తో చర్మాన్ని కొద్దిగా బిగువుగా పట్టుకోవాలి. కత్తిని చర్మానికి ముప్పై డిగ్రీల దగ్గరగా వాల్చి ఉంచాలి. బరువు వేయకూడదు. చిన్న చిన్న గీతలుగా లాగుతూ అంచును నీళ్లలో కడుక్కుంటూ పోవాలి.

ఇంకా నునుపు కావాలంటే మళ్లీ నురగ పట్టించి అడ్డంగా గీయవచ్చు. నురగ లేని చోట రెండోసారి కత్తి పెట్టకూడదు. వాలుకు ఎదురుగా గీయడం అందరి చర్మానికీ పడదు. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లలో మరీ దగ్గరగా తెగిన వెంట్రుక వంగి చర్మంలోకే దిగి పొక్కులు లేపుతుంది. అలాంటివాళ్లు వాలు వెంటే గీసుకుని, కొంచెం గరుకు మిగిలినా అక్కడితో ఆపడం మేలు. చివర చన్నీళ్లతో కడిగి, తడి పటికను ఒకసారి రాసి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. పటిక చర్మాన్ని బిగించి చిన్న గాట్ల నుంచి కారే రక్తాన్ని ఆపుతుంది.

ఇంత తెలివి, ఇంత ఓపిక ఉన్న పనిని బ్రాహ్మణీయ సమాజం నీచవృత్తి అంది. క్షవరంతో పాటు సన్నాయి, డోలు, నాటు వైద్యం, పురుళ్లు పోయడం కూడా చేసిన కులం పేరును తిట్టుగా వాడింది.

రాకుమారుల ముందు మంగలి

చుళ్లవగ్గలో ఉపాలి కథ ఉంది. భద్దియుడు, అనురుద్ధుడు, ఆనందుడు, భగు, కింబిలుడు, దేవదత్తుడు అనే ఆరుగురు శాక్య యువకులు ఇల్లు విడిచి బుద్ధుడి దగ్గరకు బయలుదేరారు. వాళ్ల మంగలి ఉపాలి వెంట వచ్చాడు. సరిహద్దు దాటాక నగలన్నీ తీసి మూటకట్టి అతని చేతికిచ్చి, వీటితో బతుకు, వెనక్కు వెళ్లు అన్నారు. ఉపాలి ఆలోచించాడు. శాక్యులు కోపిష్టులు, రాకుమారులను ఇతనే మాయం చేశాడని తనను చంపినా చంపుతారు. పైగా ఆ రాకుమారులే ఇల్లు విడిచి వెళుతుంటే తాను ఎందుకు వెళ్లకూడదు? మూటను చెట్టుకు వేలాడదీసి, చూసినవాళ్లు తీసుకోవచ్చని చెప్పి వాళ్ల వెనకే నడిచాడు.

అనుపియలో బుద్ధుడి ముందు ఆ యువకులు ఒక కోరిక కోరారు. తాము శాక్యులు గర్విష్టులు, ఈ ఉపాలి ఎంతో కాలం తమకు సేవ చేశాడు, ముందు అతనికే ప్రవ్రజ్య ఇవ్వాలి, అప్పుడు తాము అతనికి లేచి నమస్కరిస్తాము, తమ శాక్య గర్వం అణుగుతుంది అన్నారు. బుద్ధుడు అలాగే చేశాడు. సంఘంలో పెద్దరికం ప్రవ్రజ్య తీసుకున్న వరుసను బట్టి వస్తుంది, పుట్టుకను బట్టి రాదు. నిన్నటిదాకా తమ కాళ్ల దగ్గర కూర్చుని పని చేసినవాడికి ఆ రోజు నుంచి రాకుమారులు తల వంచారు. బుద్ధుడి మహాపరినిబ్బానం తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో మహాకస్సపుడు వినయం గురించి ప్రశ్నలడిగింది ఉపాలినే. బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో అట్టడుగు జనం ధమ్మంలోకి వచ్చిన కథలను ఉపాలితోనే మొదలుపెట్టారు.

ఒకరికొకరు

ఉపాలిని గౌరవించడంతో సంఘం ఆగిపోలేదు, ఆ పని స్వరూపాన్నే మార్చింది. భిక్షువుల జుట్టు పెరిగిందని విని, ఒకరి జుట్టు ఒకరు తీయగలరా అని బుద్ధుడు అడిగినట్టు చుళ్లవగ్గ చెబుతుంది. తీయగలరని జవాబు వచ్చింది. అప్పుడు కత్తి, సానరాయి, కత్తి ఒర, దాన్ని చుట్టే ఉన్నిగుడ్డ, క్షవరానికి కావలసిన సామానంతా ఉంచుకోవడానికి ఆయన అనుమతించాడు. జుట్టు రెండు నెలలు గానీ, రెండు వేళ్ల మందం గానీ దాటకూడదన్నాడు. గడ్డాన్ని మేక గడ్డంలా, నాలుగు మూలలుగా తీర్చుకోవడం కూడదన్నాడు. కత్తెర వాడకూడదు, కానీ తల మీద పుండు ఉండి కత్తి పెట్టలేని భిక్షువుకు కత్తెర అనుమతి ఉంది. నియమం కన్నా నొప్పి పడే చర్మానికి ముందు చోటిచ్చిన నియమం అది.

ఆ ప్రశ్నలోని ‘ఒకరికొకరు’ అన్న మాటలోనే అంతా ఉంది. బయట సమాజంలో క్షవరం ఒక దిక్కుగానే నడిచే సేవ. ఒక కులం చేస్తుంది, మిగిలినవాళ్లు చేయించుకుంటారు, కొందరికైతే అదీ దొరకదు. సంఘంలో ఈ రోజు నీ తల నేను గీస్తాను, రేపు నా తల నువ్వు గీస్తావు. క్షత్రియుడిగా పుట్టినవాడు పాకీపని చేసిన సునీతుడి తల ముట్టుకోవాల్సిందే.

మాటలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. మేదర, కుమ్మరి, నేత, తోలుపని, మంగలి వృత్తులను లోకం నీచవృత్తులని పిలిచేది. వాటిని ఎత్తి చూపి తోటి భిక్షువును అవమానిస్తే పాచిత్తియ దోషమని వినయం చెప్పింది.

ఒక నియమం మాత్రం చదవగానే ఇబ్బంది పెడుతుంది. గతంలో మంగలిగా ఉన్న భిక్షువు క్షవర సామాను దగ్గర ఉంచుకోకూడదని మహావగ్గలో ఉంది. దాని వెనక ఆతుమ గ్రామం కథ ఉంది. ముసలితనంలో భిక్షువైన ఒక మంగలి, బుద్ధుడు వస్తున్నాడని తెలిసి, పనితనం తెలిసిన తన కొడుకులకు పొది ఇచ్చి ఇంటింటికీ పంపాడు. ఉప్పు, నూనె, బియ్యం పోగుచేయించి జావ కాయించాడు. బుద్ధుడు ఆ జావను స్వీకరించలేదు. మిగతా భిక్షువులందరికీ కత్తి ఇచ్చి మంగలి భిక్షువుకు మాత్రం వద్దనడం వివక్ష కాదా అని అడగవచ్చు. నాకు తోచినంతలో ఇక్కడ ఆపింది పాత వృత్తితో జనం దగ్గర రాబట్టుకోవడాన్ని. కులవృత్తి కాషాయం వెంట సంఘంలోకి నడిచి వచ్చి ఉంటే, మంగలిగా పుట్టిన భిక్షువు సంఘానికి జీవితాంతం మంగలిగానే మిగిలిపోయేవాడు. ఆ తలుపును వినయం మూసేసింది.

అడిగి తీసిన జుట్టు, అడగకుండా తీసిన జుట్టు

అడగకుండా ఒకరి తల మీద కత్తి పెట్టడం హింస. మహావగ్గలో తల్లిదండ్రులతో గొడవపడి వచ్చిన ఒక కమ్మరి కొడుకు గుండు చేయించుకుని భిక్షువైన సంఘటన ఉంది. ఆ తర్వాత, తల గీసేముందు సంఘానికి తెలియజేయాలని నియమం వచ్చింది. రహస్యంగా గానీ ఎవరి ఇష్టానికో గానీ జరగకూడని పని అది.

మన తెలుగు నేల మీద ఇదే పని అవమానంగా మారింది. 1996 డిసెంబరు 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులను కొట్టి, వాళ్లలో ఇద్దరికి బలవంతంగా శిరోముండనం చేశారు. ఆ కేసులో విశాఖపట్నం కోర్టు నిందితులను దోషులుగా తేల్చింది 2024 ఏప్రిల్‌లో. తీర్పు కోసం 27 ఏళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. తల తనంతట తాను వంచినవాడికి ముండనం విముక్తి. తలను బలవంతంగా వంచితే అదే ముండనం కులం వేసే శిక్ష.

మంగళ్లే ఈ హింసకు ఎదురు తిరిగిన సందర్భమూ ఉంది. 1890లో బొంబాయిలో, జోతిరావు ఫూలే సహచరుడు నారాయణ మేఘాజీ లోఖండే చొరవతో మంగళ్లు సమావేశమై వితంతువుల తలలు గీయబోమని తీర్మానించారు. దళితులను ముట్టబోమన్న నిరాకరణకూ దీనికీ తేడా ఉంది. మొదటిది ఊరి పెద్దలకు భయపడి చేసిన నిరాకరణ. రెండోది ఒక స్త్రీ గౌరవం కోసం కూలి వదులుకున్న నిరాకరణ.

కత్తి మన చేతికొచ్చాక

1904లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు మార్చుకునే బ్లేడున్న సేఫ్టీ రేజర్ మీద పేటెంటు వచ్చింది. నూరే పని తప్పింది, ఎవరి గడ్డం వాళ్లు గీసుకోవడం సులువైంది. మంగలి ముట్టని ఇళ్లకు అది చిన్న విషయం కాదు. అయితే హక్కు అనేది వస్తువుతో రాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ‘దుకాణం’ అన్న మాటకు, సేవ అందించే చోటు అనే విశాలమైన అర్థం ఉందని వివరించారు. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం, 1976 నుంచి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా, అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడాన్ని నేరం చేసింది. సెలూన్ తలుపు అందరికీ తెరిచి ఉండాలన్నది అలా ఒక చట్టంగా మారింది.

మన శ్రామణేర శిబిరాల్లో ఇప్పుడు పదుల కొద్దీ తలలు ఒకే ఉదయం గీయాల్సి వస్తుంది. తొందరలో పొడి తలల మీద కత్తి నడిపితే గాట్లు పడతాయి. ఒకే బ్లేడును పలువురికి వాడితే హెపటైటిస్ బి, సి వంటి జబ్బులు రక్తం ద్వారా అంటుకునే ప్రమాదం ఉంది. మనిషికో కొత్త బ్లేడు, తలలన్నీ ముందే తడిపి ఉంచడం, పుండ్లున్నవాళ్లకు కత్తెర. ఇవి శుభ్రతకు సంబంధించిన ఏర్పాట్లే కాదు, వినయం చూపిన దారి కూడా.

తల గీసే సమయంలో కేసా, లోమా, నఖా, దంతా, తచో అని కొత్తవాళ్ల చేత చెప్పిస్తారు. వెంట్రుకలు, రోమాలు, గోళ్లు, పళ్లు, చర్మం. కులం చూసి ముట్టుకున్నా, కులం చూసి ముట్టుకోకపోయినా ఆ చేతికి తగిలేది ఈ అయిదే. శిబిరంలో కత్తి పట్టి ఆ పని చేసే నాయీ సోదరుడు వస్తే అతన్ని బయట కూర్చోబెట్టి కూలి ఇచ్చి పంపవద్దు. అతనికి ఆసనం వేయండి. వినయాన్ని కంఠస్థం చేసి మనదాకా అందించిన ఉపాలిదీ ఆ వృత్తే.