తీసినవారూ, దిగినవారూ

మన తెలుగులో ఫొటోకి మూడు క్రియలున్నాయి. ఫొటో తీస్తాం, తీయించుకుంటాం, దిగుతాం. భార్యాభర్తల సంగతికి వస్తే, ఈ మూడింటిలో ఆడవారి వాటాకి చాలాకాలం పాటు దక్కింది ఒక్క దిగడమే. మా పల్నాటి ఇళ్ళల్లో దూలానికి వరసగా వేలాడే పాత ఫ్రేముల్ని మీరు చూసే ఉంటారు. ఆయన కుర్చీలో బిగుసుకుని కూర్చుంటాడు. ఆవిడ పక్కన నిలబడి ఒక చేయి కుర్చీ మీద వేస్తుంది. వెనక తెర మీద ఎవరిదో రాజభవనం. పెళ్ళయిన కొత్తలో ఒకటి దిగితే మళ్ళీ షష్టిపూర్తికే! ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందన్న భయం ఒకటి ఉండనే ఉంది కదా.

అసలు కాగితం మీద ఫొటో పుట్టడానికే ఒక కొత్త జంట ప్రయాణం కారణమంటే నమ్ముతారా? ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే ఆయన 1832లో కాన్‌స్టన్స్‌ను పెళ్ళాడాడు. మరుసటి ఏడాది అక్టోబరులో ఇటలీలోని కోమో సరస్సు దగ్గర బొమ్మలు గీద్దామని కూర్చున్నాడు. సాయానికి పరికరం ఉన్నా చేయి తిరగలేదు. ఈ నీడలు తమంతట తామే కాగితం మీద పడి నిలిచిపోతే ఎంత బాగుండునని అప్పుడే అనుకున్నాడట. 1839లో తన పద్ధతిని లోకానికి చెప్పాడు. అదే ఏడాది కాన్‌స్టన్స్ కూడా ఆ పద్ధతి చేసి చూసింది. భర్తగారు ఇంటి చుట్టూ పెట్టే చిన్న చిన్న చెక్క కెమెరాలకి ఎలుకబోనులని పేరు పెట్టిందీ ఆవిడే. ఆ పేరు పెట్టినంత చక్కగా ఆవిడ పేరు మాత్రం చరిత్రలో నిలబడలేదు.

మన దేశంలో ఇంతకన్నా ముచ్చటైన జంట త్రిపుర రాజకోటలో ఉండేది. 1862 నుంచి 1896 వరకు ఏలిన మహారాజు బీర్ చంద్ర మాణిక్యకి ఫొటోలంటే పిచ్చి. రాణి మనమోహినీ దేవి కూడా ఆయన దగ్గరే ఆ విద్య నేర్చుకుంది. 1880 ప్రాంతంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దిగిన ఫొటో ఒకటుంది. కెమెరా మీట ఆయన చేతిలోనే ఉంది. మూడోమనిషి లేడు కాబట్టి రాజుగారూ రాణిగారూ అన్న బింకం లేదు, దగ్గరగా జరిగి కూర్చున్నారు. ఈనాటి సెల్ఫీకి పెద్దమ్మ అదే ననుకోండి. అయినా అక్కడ కూడా మీట నొక్కిన చెయ్యి ఒకటే!

మన హైదరాబాదు సంగతి వేరు. ఆరవ నిజాం కొలువులో పేరు తెచ్చుకున్న లాలా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసమే ఒక స్టూడియో పెట్టించాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల ఫొటో తీసేది ఒక ఇంగ్లీషు దొరసాని. తీసేదీ ఆడమనిషే, దిగేదీ ఆడమనిషే. దంపతులు కలిసి దిగడానికి మాత్రం అక్కడ చోటు లేదు.

ఇక హొమాయ్ వ్యారావాలా. ఈవిడ కథ చదివినప్పుడల్లా నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. భర్త మానెక్‌షా దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకుంది. బొంబాయిలో తొలిరోజుల్లో ఆవిడ తీసిన ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆడమనిషి తీసిందంటే పత్రికల్లో విలువ ఉండదని కాబోలు. 1942లో ఇద్దరూ ఢిల్లీ చేరి ఒకే ఆఫీసులో పనిచేశారు. ఆ తర్వాత గాని ఆవిడ పేరు ఆవిడకి దక్కలేదు. భర్త పోయాక, 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. 2011లో పద్మవిభూషణ్ వచ్చేనాటికి ఆవిడకి తొంభై ఏడేళ్ళు.

రోజుకో ఫొటో అనే వ్రతం మాత్రం కొత్తదే. అమెరికాలో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31న మొదలుపెట్టి, 1997 అక్టోబరు 25న కన్నుమూసేదాకా ఆ వ్రతం పాటించాడు. మనకి అంత స్తోమత ఎక్కడిది? ఆగ్ఫా క్లిక్ త్రీ రోజుల్లో రీలుకి పన్నెండే బొమ్మలు. ఏడాదికి ముప్ఫై ఒక్క రీళ్ళు, ఆపైన కడుగుడు ఖర్చు, ప్రింట్ల ఖర్చు! మిరప రైతు ఆ డబ్బుతో పురుగుమందు కొనుక్కుంటాడు గాని రోజూ భార్య మొహం ఫొటో తీస్తాడా?

ఇప్పుడు తీస్తున్నాడు. నూజెండ్లలో మా పెదనాన్నగారి మనవరాలూ ఆమె భర్తా సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా రోజుకో ఫొటో తీశారు. (ఉగాదికి పెట్టుకుంటే అధికమాసం వచ్చి లెక్క తప్పుతుందని ఆ పిల్ల ముందే ఆలోచించింది.) వాటిని వినుకొండలో ప్రింటు వేయించి తెచ్చి నా ముందు పెట్టారు.

"మొదటి నెల ఇద్దరం కలిసే దిగాం, బాబాయ్. రోజూ అవే రెండు మొహాలు చూసి మాకే విసుగేసింది. అప్పట్నుంచీ ఒకరోజు ఆయన తీస్తే మర్నాడు నేను తీశాను," అంది.

నిజమే, రెండో నెల నుంచి ఫొటోల తీరు మారిపోయింది. అతను తీసినవాటిలో ఆమె కల్లంలో ఎండుమిర్చి ఎగదోస్తోంది, జ్వరపడ్డ అత్తగారికి జావ పడుతోంది. ఆమె తీసినవాటిలో అతను చొక్కా లేకుండా నులకమంచం మీద నిద్రపోతున్నాడు, ధర పడిపోయిన రోజున బస్తాల మీద తల వంచుకుని కూర్చున్నాడు. ఆ తలవంపు ఫొటో ఏ స్టూడియో వాడికీ దొరికేది కాదు.

"అది తీసేయమన్నానండీ, వినలేదు," అన్నాడు అల్లుడు.

"నువ్వు నా జ్వరం ఫొటో తీయలేదా మరి?" అంది ఆమె.

ప్రతి ఫొటో వెనకా తారీఖూ, తీసినవారి పేరూ రాసుకున్నారు. పోట్లాడుకున్న రోజులవి కొన్ని ఉన్నాయి. వాటి వెనక తారీఖు మాత్రమే ఉంది. ఎవరు తీశారని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు.