బురదనేలను గట్టిపరచడం: తెలుగునాట

మెత్తగా, నీరూరే నేలను బరువు మోసేలా తయారుచేసే పనిని ఇంజనీర్లు నేల పటిష్ఠీకరణ అంటారు. పేరు బరువైనదే గానీ, చాలా పద్ధతుల్లో అసలు తగవు మట్టితో కాదు, నీటితోనే.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టిన బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్‌కు గోదావరి అడుగున దొరికింది ఇసుకే. ఆ ఇసుకలో కట్టుడు బావులు దింపి, వాటి ఆసరాతో రాతికట్టు లేపారు. 1852 నాటికి పని పూర్తయింది. వదులు ఇసుకలో పునాది నిలిపే కిటుకు కావేరి మీద పురాతన కల్లణై ఆనకట్ట కట్టినవాళ్ళ దగ్గర నేర్చుకున్నదేనని కాటన్ దాచుకోకుండా చెప్పాడు.

లెక్కలు తర్వాత వచ్చాయి. బంకమట్టి లోంచి నీరు మెల్లగా పిండుకుపోయే తీరును 1925లో ఇంజనీరు టెర్జాగీ సూత్రీకరించాడు. ఎంత తడి ఉంటే మట్టి బాగా దిమ్మిసకు వస్తుందో 1933లో అమెరికన్ ఇంజనీరు ప్రాక్టర్ తేల్చాడు. రేగడి గొడవ వేరు: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, గోడ చీలుస్తుంది. దానికి రూర్కీ భవన పరిశోధన సంస్థ 1950ల్లో అడుగున ఉబ్బు ఉండే పునాది పైల్స్‌ను ముందుకు తెచ్చింది. ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి ఉబ్బని మట్టిని మీటరు మందం పరిచి రేగడిని అదిమిపెట్టవచ్చని చూపాడు. సున్నం కలపడం మరో దారి. అది తడిని పీల్చి, జిగటను తగ్గిస్తుంది.

హైదరాబాదుది గ్రానైట్ నేల. ఇక్కడ తవ్వేవాళ్ళకు తరచూ అడ్డొచ్చేది బండే. చెరువు శిఖాలు, నాలాల పక్కల్లో మాత్రం కథ మారుతుంది. ఉదాహరణకు, ఎల్.బి.నగర్ దగ్గరి మన్సూరాబాద్‌కు పెద్ద చెరువుంది. ఇలాంటి చెరువుల దిగువన సెల్లార్ తవ్వితే గోతిలోకి ఊట దిగుతుంది. మూలన గుంట తీసి, మోటారు పెట్టి తోడుతూనే ఉండాలి. బురదను జేసీబీతో ఎత్తి, బండరాళ్ళు దించి, ఇక దిగబడవన్నదాకా నొక్కుతారు. పైన మొరం పలచటి పొరలుగా పోసి రోలర్ తిప్పుతారు. మేస్త్రీ పరీక్ష ఒకటుంది: గుప్పిట్లో పిసికితే మొరం ముద్ద కట్టాలి, అరచేతికి బురద అంటకూడదు. ప్రాక్టర్ ప్రయోగశాలలో తూచినదీ ఆ తడినే.

అయితే ఈ పనంతా ఒక్క ప్లాటుకే. 2020 అక్టోబరు వానలకు ఎల్.బి.నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు తేలిందేమంటే, పునాది ఎంత గట్టిదైనా చెరువు అలుగు నీటికి దారి లేకపోతే వీధే చెరువవుతుంది.

ఇసుకతో పెద్ద పోరు మళ్ళీ గోదావరిలోనే. పోలవరంలో ప్రధాన డ్యామ్ అడుగున ఊటను ఆపే డయాఫ్రం గోడ 2018లో పూర్తయింది. ఆ తర్వాతి వరదలు దాన్ని దెబ్బతీసి, నదిగర్భంలో లోతైన అగాధాలు కోశాయి. వాటిని ఇసుకతో నింపి, కంపించే పొడవాటి గొట్టాలను లోపలికి దించి గుల్లదనం పోయేదాకా కుదించారు. 1930ల్లో జర్మనీలో పుట్టిన పద్ధతి అది. నదిని అడ్డుకునే తాత్కాలిక కాఫర్ డ్యామ్‌ల నడుమ ఊరే నీటిని పంపులతో తోడుతూ, 2025 జనవరిలో పాత గోడకు ఎగువన కొత్త గోడ పని మొదలుపెట్టారు.