విశాఖ సముద్రం అడుగునే సమాధి: ఘాజీ నావికుల కథ

విశాఖ ఆర్కే బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర సెల్ఫీలు దిగేవాళ్లలో చాలామందికి, ఎదురుగా ఉన్న సముద్రంలోనే ఒక సమాధి ఉందని తెలియదు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. అందులోని 93 మందిలో ఒక్కరూ బతకలేదు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడే కారణమని మన నేవీ అంటుంది, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడని పాకిస్తాన్ చెబుతుంది. ఈ వాదన 2017 నాటి 'ఘాజీ' సినిమాతో మళ్లీ రాజుకుంది గానీ, లోపల ఉండిపోయినవాళ్ల గురించి మాట్లాడింది తక్కువే. ఒడ్డున వాళ్లకు గోరీల్లేవు. శకలాలను నేవీ గుర్తించినట్లు 2024లో వార్తలొచ్చాయి. చనిపోయినవారి మీద గౌరవంతో వాటిని ముట్టుకోలేదట. శత్రు నావికులైనా సరే, ఓడతో పాటు మునిగితే ఆ ఓడే వాళ్ల సమాధి అన్నది నావికుల్లో పాత ఆనవాయితీ.