గాజు పలకలపై నిజాం రాజ్యం

హైదరాబాద్ నిజాం రాజ్యపు నగరాలనూ కట్టడాలనూ ఛాయాచిత్రాల్లో నిలిపినవారిలో అగ్రగణ్యుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905). రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టిన ఈయన, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. వెలుతురుకు స్పందించే రసాయనం పూసిన గాజు పలకలను, అంటే ఆనాటి నెగెటివ్‌లను, పగలకుండా వెంట మోసుకెళ్లి, వాటి నుంచి కోడిగుడ్డు తెల్లసొన పూత గల ఆల్బుమెన్ కాగితంపై ప్రతులు తీయవలసి రావడంతో, ప్రయాణ చిత్రణ అప్పట్లో ఖర్చుతోనూ శ్రమతోనూ కూడిన పనిగా ఉండేది. ఆయన చిత్రాల్లో కోటలకూ వేటలకూ దర్బారులకూ దక్కినంత చోటు సామాన్యుల పల్లెలకు దక్కలేదు. పోషకుడు ప్రభువైనప్పుడు అది వింతేమీ కాదు. ఆ గాజు పలకల్లో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.