లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్

ఉగాదికి, దీపావళికి మా తెలుగువాళ్ళం ఇక్కడో స్కూలు హాలు అద్దెకు తీసుకుంటాం. ఆ హాలు ముందు బెంజిలు, ఆడీలు, ఈ మధ్య టెస్లాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటి చివర, పెళ్ళివారి మధ్య పొలం నుంచి నేరుగా వచ్చేసిన మేనమామలా, నా బండి ఉంటుంది. 1970లో సోలిహల్ ఫ్యాక్టరీలో తయారైన ల్యాండ్ రోవర్, సిరీస్ టూ-ఏ. ఇంకా దీన్ని అమ్మలేదా అని అడగని మిత్రుడు లేడు. ఆదివారం సరదాకైతే సరేగానీ, రోజూ ఆఫీసుకి కూడా ఇదేనా అన్నది రెండో ప్రశ్న. అవును, ఇదే. 2014 నుంచి ఎండయినా వానయినా ఇదే.

కష్టాలు లేవని చెప్పను. గంటకి 55 మైళ్ళు దాటితే పక్కనున్న మనిషి మాట వినపడదు. లీటరుకి 6 కిలోమీటర్లు ఇస్తే గొప్ప. హీటరు చలికాలంలో మన మోకాళ్ళని మాత్రమే గుర్తుపడుతుంది. ఇంజను కింద నూనె చుక్కలు పడటం ఆగిపోయిందంటే బాగయిందని కాదు, నూనె అయిపోయిందని అర్థం అంటారు ఇక్కడి పాతకాపులు. దీనికి బదులుగా దక్కేది వృద్ధాప్య గౌరవం. 40 ఏళ్ళు దాటిన బండికి ఈ దేశంలో రోడ్డు పన్ను లేదు. పెద్దగా మార్పులు చెయ్యకపోతే 2018 మే నుంచి ఏటా చేయించే తనిఖీ కూడా తప్పనిసరి కాదు. 2021 జూన్‌లో బర్మింగ్‌హామ్ నడిబొడ్డున పొగ బళ్ళకి రోజుకి 8 పౌండ్లు వసూలు చెయ్యడం మొదలుపెట్టినప్పుడు, నా మిత్రుడి పదేళ్ళ డీజిలు కారు కట్టింది, నా బండి కట్టలేదు.

కానీ ఇవేవీ నేను దీన్ని ఉంచుకోవడానికి కారణాలు కావు. అసలు కారణం చెప్పాలంటే ఓ ఎనభై ఏళ్ళ కథ చెప్పాలి. ఆ కథలో సగం ఇక్కడిది, సగం మనది.

1940లో అమెరికా సైన్యం తేలికపాటి నాలుగు చక్రాల బండి కావాలని 135 కంపెనీలకి కబురు పెట్టింది. గడువు 49 రోజులు. ఆ గడువులో నమూనా బండిని నిలబెట్టింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. అయితే అంత పెద్ద ఎత్తున తయారుచేసే శక్తి దానికి లేదని పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కి, ఫోర్డ్‌కి ఇచ్చారు. యుద్ధం ముగిసేలోగా ఆ రెండు కంపెనీలూ ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. కనిపెట్టినవాడు ఒకడు, బాగుపడినవాడు ఇంకొకడు.

యుద్ధం అయ్యాక ఆ మిగులు జీపుల్లో ఒకటి వేల్స్‌లోని యాంగిల్సీ దీవిలో మారిస్ విల్క్స్ పొలానికి చేరింది. విల్క్స్ రోవర్ కార్ల కంపెనీలో ఛీఫ్ ఇంజనీరు. అతని అన్న స్పెన్సర్ ఆ కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరు. పొలం పనంతా జీపే చేసేది. అది పాడైతే మళ్ళీ ఇంకో జీపే కొనాలి, దానికి సాటి వచ్చే బ్రిటిషు బండి లేదు. 1947లో రెడ్ వార్ఫ్ బే అనే సముద్రతీరాన, ఇసుకలో గీత గీసి తనకి కావలసిన బండి ఎలా ఉండాలో అన్నకి చూపించాడని చెబుతారు.

కంపెనీకీ అప్పుడు గడ్డుకాలమే. ఉక్కు రేషను, అది కూడా ఎగుమతులు చేసేవాళ్ళకే ముందు. రోవర్ అమ్మే ఖరీదైన కార్లకి బయట గిరాకీ తక్కువ. సోలిహల్‌లో యుద్ధంకోసం విమాన ఇంజన్లు చేసిన పెద్ద ఫ్యాక్టరీ చేతిలో ఉంది, దానికి పని లేదు. అందుకని రెండు మూడేళ్ళ గండం గట్టెక్కడానికి రైతుబండి చేద్దామనుకున్నారు. ఉక్కు దొరకదు కనుక పైభాగమంతా బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమం. రంగు కూడా సైన్యం దగ్గర మిగిలిపోయిన ఆకుపచ్చే. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో బండిని లోకానికి చూపించారు. ధర 450 పౌండ్లు. రెండు మూడేళ్ళ కోసం అనుకున్న ఆ ఏర్పాటు రూపాలు మార్చుకుంటూ 2016 జనవరి 29న చివరి డిఫెండర్ బయటికి వచ్చేదాకా, అంటే 68 ఏళ్ళు నడిచింది.

అన్నిటికంటే నాకు నచ్చేది 1947 నాటి మొట్టమొదటి నమూనా. దాన్ని జీపు ఛాసిస్ మీదే కట్టారు. స్టీరింగు మాత్రం కుడివైపు కాదు, ఎడమవైపూ కాదు, ట్రాక్టరుకి లాగా నట్టనడుమ పెట్టారు. ఏ దేశానికి పంపినా ఒకటే బండి సరిపోతుందని ఆలోచన. తొందరలోనే ఆ ఆలోచన మానుకున్నారు, డ్రైవరు ఎవరో ఒకరి వైపు కూర్చోక తప్పలేదు.

ఎటు కూర్చోవాలన్న ఆ బాధ మన దేశంలో మరోలా తేలింది. 1945లో మహీంద్రా సోదరులూ మాలిక్ గులాం ముహమ్మదూ కలిసి 'మహీంద్రా అండ్ ముహమ్మద్' అనే కంపెనీ పెట్టారు. దేశం విడిపోయాక గులాం ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి, అక్కడ మొదటి ఆర్థికమంత్రీ, తర్వాత గవర్నర్ జనరలూ అయ్యాడు. 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయింది. వాళ్ళు విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టారు. బండి అమెరికాది, కాబట్టి స్టీరింగు ఎడమవైపే. రోడ్లేమో మనవి. దశాబ్దాల తరబడి అలాగే వచ్చాయి. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వెనక తలుపు మీద ఎర్రరంగుతో రాసిన 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అన్న హెచ్చరిక.

స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణం కూడా జీపులదే, అదీ ఈ గడ్డ మీదే పుట్టింది. 1948లో కాశ్మీరు యుద్ధానికి జీపులు కావాల్సివస్తే, లండన్‌లో మన హైకమిషనరు కృష్ణమీనన్ నిబంధనలు పక్కనపెట్టి ఓ కంపెనీతో 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. వచ్చినవి 155. అవి పనికిరావని సైన్యం పెదవి విరిచింది. తిరుపతి ప్రాంతానికి చెందిన అనంతశయనం అయ్యంగారి నాయకత్వంలోని కమిటీ విచారణ జరపమంది. 1955లో ప్రభుత్వం ఫైలు మూసేసింది.

జీపు మన పల్లెల్లోకి వచ్చిన దారి వేరు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకుకో బి.డి.ఓ., ఆయనకో జీపు. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక అది 'సమితి జీపు' అయింది. మేలురకం విత్తనాలూ, కోళ్ళ పెంపకం మీద సినిమాలూ, మశూచి టీకాలూ దానిమీదే వచ్చాయి. బకాయిల వసూలుకీ, కుటుంబ నియంత్రణ క్యాంపులకి మనుషుల్ని పోగుచెయ్యడానికీ అదే వచ్చేది. దుమ్ము కనపడగానే ఊళ్ళో సగంమంది ఎదురెళ్ళేవారనీ, సగంమంది పెరటిదారిన పోయేవారనీ మా నాన్న చెప్పేవారు. ల్యాండ్ రోవర్ కథా ఇంతే. పొలానికి పుట్టిన బండి మలయా అడవుల్లోకీ, ఉత్తర ఐర్లండు వీధుల్లోకీ బ్రిటిషు సైనికుల్ని మోసింది. ఈ రెండు బళ్ళూ రైతు పేరు చెప్పుకుని సర్కారు కొలువు చేశాయి.

మా నాన్న గోదావరి మెట్టప్రాంతంలో సమితి జీపు డ్రైవరు. జీపు ఆయనకి బిడ్డలాంటిదని అందరూ అనేవాళ్ళు. కానీ బిడ్డల్ని దాంట్లో ఎక్కించుకునే హక్కు ఆయనకి లేదు. ప్రతి మైలూ లాగ్ బుక్కులో రాయాలి. ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ పని మీద అన్నీ నింపి, చివరి గడిలో ఆఫీసరు సంతకం తీసుకోవాలి. 1979లో ఓ రాత్రి మా అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రి ఏడు మైళ్ళు. జీపు షెడ్డులో ఉంది, తాళం నాన్న చొక్కా జేబులో ఉంది. ఆఫీసరు ఊళ్ళో లేడు. నాన్న గుమ్మంలో కాసేపు నిలబడి, వెళ్ళి పక్కింటివాళ్ళ ఎద్దుబండి కట్టించారు. నేను దారిలోనే, కాలవ వంతెన దిగాక, బండిలో పుట్టాను. తల్లీబిడ్డా క్షేమమే. కానీ మా అమ్మ దాన్ని మర్చిపోలేదు. ఎప్పుడు మాట తూలినా, "మీ నాన్న నీతికి నువ్వు గడ్డిలో పుట్టావురా" అనేది. నాన్న మారు మాట్లాడేవారు కాదు.

నేను చదువుకుని, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, 2006లో ఈ దేశం వచ్చాను. 2008లో టాటావాళ్ళు ఫోర్డ్ దగ్గర జాగ్వార్‌నీ ల్యాండ్ రోవర్‌నీ కలిపి 230 కోట్ల డాలర్లకి కొన్నారు. మా హాల్లో ఆ వారం పండగే. మనల్ని ఏలినవాళ్ళ బండి మన చేతికి వచ్చిందని ఒకాయన ఉపన్యాసం కూడా ఇచ్చారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ రాత్రి ఫోనులో నాన్నకి చెబితే, అంతా విని, "మంచిదే. మరి ఆ బళ్ళు నడిపేవాళ్ళకి ఏవైనా మారిందా?" అన్నారు. అప్పుడు నాకు చిరాకేసింది. తర్వాత ఎప్పుడు ఆ గొప్ప చెప్పుకోబోయినా ఆ ప్రశ్నే అడ్డొచ్చేది.

2018 వేసవిలో అమ్మానాన్నా వచ్చారు. విమానాశ్రయానికి ల్యాండ్ రోవరే తీసుకెళ్ళాను. నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి ఆకు స్ప్రింగులు చూసి, "మన జీపుకి పెద్దన్నలా ఉందే" అన్నారు. ఆ తర్వాత ముందుసీట్లో, అంటే ఎడమవైపు, ఎక్కారు. ఈ దేశంలో అది పక్కవాడి సీటు. ఆయనకి మాత్రం ముప్ఫై ఏళ్ళు అది డ్రైవరు సీటు.

ఈ బండిలో ఫస్టు, సెకండు గేర్లకి సింక్రోమెష్ లేదు. నాలుగేళ్ళుగా నడుపుతున్నా సెకండులోకి దించేటప్పుడు గరగరమనిపించేవాణ్ణి. మొదటి రౌండబౌట్ దగ్గర ఆ చప్పుడు వినగానే ఆయన మొహం చిట్లించారు. "ఒరే అబ్బాయ్, క్లచ్చి రెండుసార్లు తొక్కు. మొదట న్యూట్రలుకి తీసుకురా, వదులు, కొంచెం యాక్సిలేటరివ్వు, మళ్ళీ తొక్కి అప్పుడు వెయ్యి." ఇంటర్నెట్టులో చదివి తెలుసుకున్నదే అది, చేతికి రాలేదు. నేను నోటితో అనుకుంటూ చేస్తుంటే, ఓరకంటికి ఆయన కాళ్ళు కనపడ్డాయి. పెడళ్ళు లేని ఆ నేలమీద ఆయన ఎడమపాదం నాకంటే అరక్షణం ముందు రెండుసార్లు తొక్కుతోంది. దాన్ని చూసి నేనూ తొక్కాను. గేరు వెన్నలో కత్తిలా దిగింది.

వెనక సీట్లోంచి అమ్మ అంది, "ఏవండీ, ఇవాళ ఎవరి సంతకం కావాలి?"

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. ఇల్లు దగ్గరపడుతుండగా, రోడ్డు వైపే చూస్తూ, "ఆ రాత్రి తియ్యాల్సిందే" అన్నారు. ముప్ఫై తొమ్మిదేళ్ళకి వచ్చిన జవాబది. అమ్మ కూడా ఇంకేమీ అనలేదు.

2022లో నా బండి ఛాసిస్ తుప్పుకి లొంగిపోయింది. అల్యూమినియం ఒళ్ళు చెక్కుచెదరలేదు కానీ, చలికాలం రోడ్ల మీద జల్లే ఉప్పు కింద ఉన్న ఉక్కుని తినేసింది. కొత్త గాల్వనైజ్డ్ ఛాసిస్ ఖర్చుతో ఓ మంచి సెకండ్ హ్యాండ్ కారు వచ్చేది. అమ్మెయ్యమని అందరూ చెప్పారు. నేను ఛాసిసే వేయించాను.

బండిలో ఒక లాగ్ బుక్కు ఉంది. నాన్న ఇక్కడున్నప్పుడు స్కేలు పెట్టి గీసిచ్చిన గడులు. తేదీ, మైళ్ళు, పెట్రోలు, నూనె. ఏ పని మీద అన్న గడి గీశారు. సంతకం గడి గీయలేదు. ప్రతి ఆదివారం ఫోను చేసినప్పుడు పిల్లల గురించి అడిగాక, పెట్టేసేముందు ఇప్పటికీ ఆయన ఒకే మాట అడుగుతారు, "ఆయిలు చూశావా?"

చూశాను నాన్నా. అరలీటరు పోశాను.