ఏ.ఎస్.ఎమ్. క్లెర్మాన్ ఓవెర్న్

ఏ.ఎస్.ఎమ్. క్లెర్మాన్ ఓవెర్న్ ఫ్రాన్సు దేశపు మధ్యభాగాన గల క్లెర్మాన్-ఫెరాన్ నగరానికి చెందిన రగ్బీ యూనియన్ క్లబ్బు. ఇది 1911లో స్థాపించబడినది. ఫ్రాన్సు రగ్బీలో అత్యున్నత శ్రేణి పోటీ అయిన టాప్ 14 లో ఆడుతున్నది. పసుపు, నీలం ఈ జట్టు రంగులు. జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో వరుసగా పదిసార్లు ఓడిపోయి, పదకొండవసారి, అనగా 2010లో, తొలి విజయం సాధించిన జట్టుగా ఇది ప్రసిద్ధి చెందినది. 2017లో రెండవసారి ఛాంపియన్ అయినది.

రగ్బీ యూనియన్ అండాకారపు బంతితో, జట్టుకు 15 మంది చొప్పున ఆడే ఆట. బంతిని ప్రత్యర్థి గోల్‌గీత దాటించి నేలకు తాకించడాన్ని ట్రై అంటారు. ట్రైకి ప్రస్తుతం 5 పాయింట్లు, దాని తరువాత బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నితే మరి 2 పాయింట్లు, పెనాల్టీకి 3 పాయింట్లు లభిస్తాయి.

నగరము, నేపథ్యము

క్లెర్మాన్-ఫెరాన్ ఓవెర్న్ ప్రాంతములో, చల్లారిన అగ్నిపర్వతాల వరుసకు చేరువలో ఉన్నది. పూర్వము క్లెర్మాన్, మోన్‌ఫెరాన్ అనేవి రెండు వేర్వేరు పట్టణాలు. 1630లో రాజశాసనము ద్వారా ఈ రెండింటినీ కలిపారు. ఆంద్రే, ఎద్వార్ మిషెలిన్ సోదరులు 1889లో ఇక్కడ స్థాపించిన టైర్ల పరిశ్రమ వలన ఈ ఊరు పారిశ్రామిక నగరముగా ఎదిగినది. క్లబ్బు పుట్టుక కూడా ఈ పరిశ్రమతోనే ముడిపడి ఉన్నది.

స్థాపన, పేరు

ఆంద్రే మిషెలిన్ కుమారుడైన మార్సెల్ మిషెలిన్ కర్మాగారపు కార్మికుల వ్యాయామము, వినోదము కొరకు 1911లో ఈ క్రీడాసంఘాన్ని నెలకొల్పాడు. మొదట దీని పేరు అసోసియేషన్ స్పోర్టివ్ మిషెలిన్. రగ్బీ మాత్రమే గాక ఇతర క్రీడలకు కూడా ఇందులో స్థానముండేది. వ్యాపార సంస్థల పేర్లను క్రీడాసంఘాలకు పెట్టరాదన్న నియమము వచ్చిన తరువాత దీని పేరు అసోసియేషన్ స్పోర్టివ్ మోన్‌ఫెరాన్దేజ్‌గా మారినది. ఈ విధముగా ఏ.ఎస్.ఎమ్. అన్న పొడి అక్షరాలు మాత్రం మారకుండా నిలిచాయి. 2004లో ప్రస్తుత నామము వచ్చినది. అయినా పాత అభిమానులలో "మోన్‌ఫెరాన్" అని పిలిచేవారు నేటికీ ఉన్నారు.

రెండవ ప్రపంచయుద్ధ కాలములో మార్సెల్ మిషెలిన్ జర్మనీ ఆక్రమణను ప్రతిఘటించే ఉద్యమములో పాల్గొని, నాజీలచే నిర్బంధ శిబిరానికి తరలించబడి, 1945లో అక్కడే మరణించాడు. క్లబ్బు మైదానము ఆయన పేరు మీదనే మార్సెల్ మిషెలిన్ స్టేడియముగా పిలువబడుచున్నది.

బ్రెన్నస్ డాలు

ఫ్రాన్సు ఛాంపియన్లకు ఇచ్చే బహుమతిని బ్రెన్నస్ డాలు అంటారు. చెక్క మీద లోహపు పలకను బిగించి చేసిన ఈ డాలును 1892లో మొదటిసారి బహూకరించారు. దీనిని తయారు చేసిన షార్ల్ బ్రెన్నస్ పేరే దానికి వచ్చినది. నెగ్గిన ఆటగాళ్ళు దీనిని తమ ఊరికి తీసుకువెళ్ళి ప్రజల మధ్య ఊరేగించడం ఆనవాయితీ. క్లెర్మాన్ ప్రజలు ఈ ఊరేగింపు కొరకు దాదాపు ఒక శతాబ్దము ఎదురుచూడవలసి వచ్చినది.

పది పరాజయాలు

2010కి ముందు ఈ జట్టు ఆడిన ఫైనల్స్ ఇవి. అన్నింటిలోనూ ఓటమే ఎదురైనది.

- 1936: నార్బోన్ చేతిలో 6-3
- 1937: వియెన్ చేతిలో 13-7
- 1970: లా వూల్త్ చేతిలో 3-0
- 1978: బెజియే చేతిలో 31-9
- 1994: తులూజ్ చేతిలో 22-16
- 1999: తులూజ్ చేతిలో 15-11
- 2001: తులూజ్ చేతిలో 34-22
- 2007: స్తాద్ ఫ్రాన్సే చేతిలో 23-18
- 2008: తులూజ్ చేతిలో 26-20
- 2009: పెర్పిన్యాన్ చేతిలో 22-13

వీటిలో 1970 నాటి ఓటమి విచిత్రమైనది. ఆ కాలములో ట్రైకి 3 పాయింట్లే ఉండేవి. మ్యాచ్ మొత్తములో నమోదైన పాయింట్లు కూడా ఆ మూడే. 1978లో ఎదురైన బెజియే జట్టు ఆ దశాబ్దములో ఫ్రాన్సు రగ్బీని ఏలిన జట్టు. 1994 నుండి 2008 వరకు నాలుగు పర్యాయములు తులూజ్ అడ్డుగా నిలిచినది.

ఈ మధ్యకాలములో జట్టు బహుమతులు లేకుండా ఏమీ లేదు. ఫ్రాన్సులోని మరొక పోటీ అయిన ఈవ్ ద్యు మనోవార్ ఛాలెంజ్‌ను 1938, 1976, 1986 సంవత్సరాలలో గెలుచుకున్నది. కాని అభిమానుల దృష్టిలో ఇవేవీ డాలుకు సాటి కాలేదు. 2007, 2008, 2009లలో వరుసగా మూడేళ్ళు ఫైనల్‌లో ఓడడముతో ఈ జట్టుకు శాపమున్నదన్న మాట పత్రికలలోనూ, జనములోనూ వ్యాపించినది.

2010 విజయము

న్యూజీలాండుకు చెందిన వెర్న్ కాటర్ 2006లో ప్రధాన శిక్షకుడయ్యాడు. 2007 నుండి 2010 వరకు ఆయనకు సహాయకుడుగా ఉన్న జో ష్మిట్ అటుపిమ్మట లెన్‌స్టర్ జట్టుకు, ఐర్లండు జాతీయ జట్టుకు శిక్షకుడుగా పేరు పొందాడు. వరుస ఓటముల తరువాత కూడా యాజమాన్యము కాటర్‌ను మార్చలేదు.

2010 మే 29న పారిస్ సమీపములోని స్తాద్ ద ఫ్రాన్స్‌లో జరిగిన ఫైనల్‌లో, అంతకు ముందు ఏడాది తమను ఓడించిన పెర్పిన్యాన్ జట్టునే క్లెర్మాన్ 19-6 తేడాతో ఓడించినది. ఓరెలియన్ రుజరీ నాయకత్వములో జట్టు మొదటిసారి డాలును అందుకున్నది. నగర నడిబొడ్డున గల ప్లాస్ ద జోద్ కూడలి అభిమానులతో నిండిపోయినది. అంతకు ముందు ఇదే కూడలిలో పెద్ద తెరల మీద ఓటములను చూసి మౌనముగా ఇళ్ళకు మరలినవారు వారిలో చాలామంది ఉన్నారు.

సొంతగడ్డ మీద

2009 నవంబరులో బియారిట్జ్ చేతిలో ఓడిన తరువాత ఈ జట్టు తన సొంత మైదానములో అన్ని పోటీలలో కలిపి వరుసగా 77 మ్యాచ్‌లు గెలిచినది. 2014 మేలో కాస్త్ర్ జట్టు 22-16తో నెగ్గి ఈ పరంపరకు తెరదించినది. కాటర్ ఆ వేసవిలోనే స్కాట్లండు జాతీయ జట్టు బాధ్యత స్వీకరించుటకు వెళ్ళిపోయాడు. ఆయన సహాయకుడైన ఫ్రాంక్ అజేమా 2021 వరకు ప్రధాన శిక్షకుడుగా కొనసాగాడు.

ఐరోపా పోటీలు

ఐరోపా క్లబ్బుల రెండవ శ్రేణి పోటీ అయిన ఛాలెంజ్‌ను క్లెర్మాన్ మూడుసార్లు గెలిచినది: 1999లో బూర్గ్వాన్ మీద 35-16, 2007లో బాత్ మీద 22-16, 2019లో లా రొషెల్ మీద 36-16. 2004లో మాత్రం హార్లెక్విన్స్ చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో, 27-26తో ఓడినది.

ప్రధాన పోటీ అయిన ఐరోపా కప్పు మాత్రము ఇప్పటివరకు దక్కలేదు. 2013లో డబ్లిన్‌లో జరిగిన ఫైనల్‌లో క్లెర్మాన్ ఒక దశలో 15-6తో ముందున్నది. తులోన్ ఆటగాడు డెలాన్ ఆర్మిటేజ్ చేసిన ట్రై, దాని వెంట జానీ విల్కిన్సన్ తన్నిన బంతి మ్యాచ్‌ను మలుపు తిప్పాయి. తులోన్ 16-15తో నెగ్గినది. 2015లో లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో అదే తులోన్ చేతిలో 24-18తో ఓటమి. 2017లో ఎడిన్‌బరోలో సారసెన్స్ చేతిలో 28-17తో ఓటమి.

రెండవ డాలు, తరువాతి కాలము

2015 జూన్‌లో, ఐరోపా ఫైనల్ ఓడిన ఆరు వారాలకే, స్తాద్ ఫ్రాన్సే చేతిలో 12-6తో జాతీయ ఫైనల్ కూడా చేజారినది. 2017లో కథ మారినది. ఎడిన్‌బరో ఓటమి తరువాత మూడు వారాలకు, జూన్ 4న, తులోన్ మీద 22-16తో గెలిచి క్లెర్మాన్ రెండవ డాలు సంపాదించినది. ఆ మరుసటి సీజన్‌లోనే జట్టు తొమ్మిదవ స్థానానికి పడిపోయినది. 2019లో తిరిగి ఫైనల్ చేరి తులూజ్ చేతిలో 24-18తో ఓడినది. దీనితో మొత్తము 14 జాతీయ ఫైనల్స్‌లో రెండు విజయాలు, పన్నెండు పరాజయాలు నమోదైనవి.

అజేమా తరువాత జోనో గిబ్స్ శిక్షకుడుగా వచ్చాడు. ఫలితాలు ఆశించినట్లు లేనందున 2023 జనవరిలో ఆయన స్థానములో, 2018లో కాస్త్ర్‌ను ఛాంపియన్‌గా నిలిపిన క్రిస్టోఫ్ ఉరియోస్ నియమితుడయ్యాడు.

ప్రముఖ ఆటగాళ్ళు

- ఓరెలియన్ రుజరీ: ఈ నగరములోనే పెరిగి, 2018లో విరమించే వరకు వృత్తిజీవితమంతా ఈ ఒక్క క్లబ్బుకే ఆడాడు. ఆయన తండ్రి జాక్ రుజరీ కూడా ఈ జట్టుకు, ఫ్రాన్సుకు ఆడినవాడే.
- మోర్గాన్ పారా: 2009లో చేరిన స్క్రమ్‌హాఫ్. రెండు విజయాలలోనూ పాత్ర వహించాడు.
- వెస్లీ ఫోఫానా: ఫ్రాన్సు జాతీయ జట్టులో సెంటర్ స్థానములో ఆడాడు.
- మారియో లెడెస్మా: అర్జెంటీనాకు చెందిన హుకర్.
- జేమీ కడ్మోర్: కెనడాకు చెందిన లాక్.
- నపోలియోని నలాగా: ఫిజీకి చెందిన వింగర్.

అభిమానులు

పసుపు దుస్తులతో జట్టు వెంట దూరప్రాంతాలకు సైతము ప్రయాణించే అభిమానుల సమూహాన్ని "ఎల్లో ఆర్మీ" అంటారు. గెలుపోటములతో నిమిత్తము లేకుండా జట్టును వీడకపోవడం వీరి ప్రత్యేకత. పది ఓటములను పంచుకున్నందుననే 2010 విజయము ఓవెర్న్ ప్రాంతమంతటికీ పండుగ అయినది.