నెల పొడుగునా క్రిస్మస్

చిరాగ్‌పల్లి పేరు చెప్తే లారీ డ్రైవర్లకు చెక్‌పోస్టు గుర్తొస్తుంది. ముంబై హైవే మీద తెలంగాణ ముగిసేది మా దగ్గరే. అవతల బీదర్ జిల్లా. అందుకని మా ఊరి సంగతి ఎవరు రాసినా రోడ్డుతోనే మొదలుపెడతారు. నేను డిసెంబర్‌తో మొదలుపెడతాను. జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో క్రిస్మస్ ఇరవై ఐదో తారీఖున వచ్చి పోయేది కాదు. నెల మొదలైన వారానికే ఒక ఊళ్లో సెమీ క్రిస్మస్, ఇంకో ఊళ్లో సండే స్కూల్ పిల్లల నాటకం, మరో ఊళ్లో అర్ధరాత్రి దాకా క్యారల్స్. ఇరవై ఐదున కూడా పొద్దున ఒకచోట ఆరాధన అయితే మధ్యాహ్నం ఇంకోచోట, చీకటి పడ్డాక మరోచోట. కొత్తగా చూసినవాళ్లు భక్తి ఎక్కువనుకుంటారు. అసలు కారణం వేరు. పాస్టరు అయ్యగారు ఒక్కరే, ఊళ్లు చాలా.

మెథడిస్టుల్లో ఈ ఏర్పాటు ఇవాళ్టిది కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ వెస్లీ గుర్రమెక్కి ఊరూరూ తిరిగి ప్రసంగాలు చేశాడు. కొన్ని ఊళ్లను కలిపి సర్క్యూట్ అని పేరుపెట్టారు. బోధకుడు ఆ ఊళ్లన్నీ చుట్టిరావాలి. ఆయన లేని రోజున ఊరివాళ్లే ప్రార్థన నడుపుకోవాలి. అమెరికా వెళ్లిన మెథడిస్టులు ఈ పద్ధతినే అక్కడి అడవుల్లోకి తీసుకుపోయారు. అక్కడినుంచి అది నిజాం రాజ్యానికి వచ్చి, బీదర్, వికారాబాద్‌ల మీదుగా మా జొన్న చేల దాకా చేరింది. గుర్రం పోయి సైకిలొచ్చింది, సైకిలు పోయి మోటార్ సైకిలొచ్చింది. తిరగడం మాత్రం తప్పలేదు.

పాత మెదక్ జిల్లావాళ్లం కాబట్టి బయటివాళ్లు మమ్మల్ని మెదక్ చర్చి లెక్కలో వేస్తారు. అది తప్పు. మెదక్ ఇంగ్లండు వెస్లియన్ల మిషన్. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టించిన ఆ గుడిని పదేళ్లు కట్టారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువులో జనానికి పని చూపించి అన్నం పెట్టడానికే ఆ కట్టడం సాగిందని జిల్లా అంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. 2024లో నూరేళ్ల పండుగకు ముఖ్యమంత్రి కూడా వచ్చారు. మేమేమో అమెరికా మెథడిస్ట్ ఎపిస్కోపల్ మిషన్ కిందివాళ్లం. ఒకరి జాగాలో ఒకరు కాలు పెట్టకుండా మిషన్లు అప్పట్లో ప్రాంతాలు పంచుకున్నాయి. నల్లగొండ అమెరికా బాప్టిస్టులకు, పాలమూరు మెన్నోనైట్లకు, ఖమ్మం దిక్కు ఇంగ్లండు చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లకు. పంచుకున్నది వాళ్లు, పంపకంలో పడ్డది మేము.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడినప్పుడు మెదక్ వెస్లియన్లు అందులో కలిశారు. మావాళ్లు కలవలేదు. తర్వాత 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అయ్యారు. కాబట్టి ఇద్దరం వెస్లీ శిష్యులమే అయినా వాళ్ల బిషప్పు వేరు, మా బిషప్పు వేరు. మద్రాసులో చర్చిలు ఏకమైన నాటికి మా రాజ్యం ఇంకా ఇండియాలో కలవలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ ముచ్చట తేలేసరికి ఇంకో ఏడాది పట్టింది.

ఇక సర్కారు గీతలు. జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలోది. ఆ ఏడు నవంబర్ 1న భాషా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు నిర్ణా సర్కిల్‌ను అటే ఉంచి మిగతా తాలూకాను, దాంతోపాటు నారాయణఖేడ్‌ను ఇటు తెచ్చారు. మ్యాపు మీద గీత పడ్డది కానీ మనుషులు దాని ప్రకారం విడిపోలేదు. పిల్లనిచ్చేది అటు, తెచ్చుకునేది అటు. మా అవ్వ కాలంలో కష్టమైన కాన్పంటే బీదర్ మిషన్ దవాఖానాకే బండి కట్టేవాళ్లు. ఇప్పటికీ అటు మేనత్త ఇంటికి క్రిస్మస్‌కు పోతే కన్నడంలో పాడతాం, ఇటు తెలుగులో పాడతాం, ముచ్చట్లాడుకునేది సగం ఉర్దూలో. భాషల పేరు మీద జిల్లాలు విడదీసిన పెద్దలు మా వాడ పెళ్లి ఒక్కటి చూసుంటే కాస్త ఆలోచించేవాళ్లు.

ఈ చరిత్రలో నాకు ముఖ్యమనిపించేది దొరల పేర్లు కాదు, అయ్యగారు రాని ఆదివారాలు. ఆయన నెలకు ఒకటి రెండుసార్లు వచ్చే ఊళ్లో మిగిలిన ఆదివారాలు ఎవరు నడిపారు? నాలుగు అక్షరాలు వచ్చినవాడుంటే వాక్యం చదివేవాడు. లేకపోతే పాటలే. క్రీస్తు పుట్టుక నుంచి సిలువ దాకా కథంతా పుస్తకం ముట్టకుండా పాటల వరసలో అప్పజెప్పగలిగిన అవ్వలు ఇక్కడ ఊరికి ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. ఒకావిడ అందుకుంటే మిగతావాళ్లు ఎత్తుకోవడం. వాళ్లకు చదువు లేదని సండే స్కూల్ రిపోర్టుల్లో జాలిగా రాసే అలవాటు ఒకటుంది. నా లెక్కలో చర్చిని నిలబెట్టింది వాళ్లే.

పాటల సంగతి ఇంకొంచెం చెప్పాలి. తెలుగు క్రైస్తవులందరికీ ఇంటి పుస్తకంలా ఉండే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి రాసినవి చాలా ఉన్నాయి. ఆయన 1803లో పుట్టి 1890లో పోయాడు. కర్ణాటక సంగీత రాగాల్లో, మంచి గ్రాంథికంలో కీర్తనలు కట్టాడు. అది పండితుల భాష. మా వాడకొచ్చి తాళాలు, డప్పుల మీదికి ఎక్కేసరికి రాగం పల్లెదయింది, నోరు తిరగని చోట మాటా మారింది. సంగీతం తెలిసినవాళ్లు ముఖం చిట్లిస్తారేమో కానీ నా చెవికి అదే అసలు పాట. డప్పుది ఇంకో కథ. ఊరి జాతరకు, ఊరి చావుకు, దండోరాకు డప్పు కొట్టడం మాదిగలకు పని, వెట్టి. కొట్టనంటే కుదరదు. అదే డప్పును ఎవరూ పిలవకుండా, ఎవరి గడప ముందూ నిలబడకుండా, తమ పండుగకు తాము వేడి చేసుకుని కొట్టుకోవడమంటే ఏమిటో ఆ తరంవాళ్లు చెప్తే వినాలి. క్రిస్మస్ ఇక్కడి వాడల్లో ఎందుకు అంత గట్టిగా నాటుకుందో వివరించడానికి దేవశాస్త్రం కంటే ఈ ఒక్క సంగతి చాలు.

డిసెంబర్ కంటే ముందు ధారూర్ వస్తుంది. వికారాబాద్ దాటి అడవి అంచున నవంబర్‌లో జరిగే మెథడిస్ట్ జాతర 1923లో మొదలైంది. చుట్టుపక్కల జిల్లాలతో పాటు కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. డేరాలు వేసుకుని, రాళ్లు పేర్చి పొయ్యి పెట్టుకుని రోజులకు రోజులు ఉంటారు. ఎడ్లబండ్ల కాలంలో అక్కడికి పోయిరావడమే ఒక యాత్ర. బీదర్ రైలుమార్గం పడ్డాక జహీరాబాద్‌లో ఎక్కి వికారాబాద్‌లో బండి మారేవాళ్లు. అక్కడ విన్న కొత్త పాటలు, చూసిన కొత్త కోలాటం, కుదిరిన పెళ్లి సంబంధాలు అన్నీ మూటగట్టుకుని ఇల్లు చేరేసరికి డిసెంబర్ వాకిట్లో ఉంటుంది. మా క్రిస్మస్ సరుకులో సగం ధారూర్‌దే.

ఇక్కడి చలి గురించి తెలియనివాళ్లు క్యారల్స్‌ను తేలిగ్గా తీసుకుంటారు. మాది ఎత్తు నేల. చలికాలంలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడంటే పక్కనున్న కోహీర్ పేరే తరచుగా పేపర్లో వస్తుంది. ఆ చలిలో చెద్దర్లు కప్పుకుని, వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించిన స్టార్ ఒకడు ఎత్తి పట్టుకోగా ఇల్లిల్లూ తిరుగుతారు. వెనకట పెట్రోమాక్స్ లైటు మోసేవాడు వేరే ఉండేవాడు. ఇప్పుడు ఫోన్లున్నాయి, సౌండ్ బాక్సులున్నాయి. సౌండ్ బాక్సు గురించి నా అభిప్రాయం అడక్కండి. ప్రతి ఇంట్లో చాయ్ ఇస్తారు, కానుక డబ్బాలో చిల్లర వేస్తారు. ఆఖరి ఇంటికి వచ్చేసరికి తెల్లారుతుంది. అదే పొద్దున కంది కోతకు పోవాల్సినవాళ్లూ ఆ గుంపులో ఉంటారు.

కంది చేతికొచ్చే కాలం కావడం పండుగకు కలిసొచ్చింది. చేతిలో నాలుగు పైసలు ఆడతాయి, లేదా కందిని చూపించి అప్పు పుడుతుంది. పిల్లలకు బట్టలు, ఇంటికి సున్నం. హైదరాబాద్‌కు కూలికి పోయినవాళ్లు తిరిగొస్తారు. ముందురోజు గరిజెలు, మురుకులు. పండుగనాడు బగారన్నం, మటన్. వాడలోంచి ఊళ్లోకి గిన్నెలు పోతాయి. తురకోళ్ల ఇళ్లకు అన్నం, కూర రెండూ, లింగాయతుల ఇళ్లకు గరిజెలు మాత్రమే. ఇది ఇప్పటి మాట. ఒకప్పుడు గరిజెలూ పోయేవి కావు. వాడలో వండింది ఊరు తినేది కాదు. ఇదంతా ఎప్పటినుంచో కలిసిమెలిసి ఉన్న ఊరని రాస్తే చదవడానికి బాగుంటుంది కానీ అబద్ధమవుతుంది.

క్రిస్మస్‌కు అటూ ఇటూగా ఎల్లమాస వస్తుంది. మార్గశిరం చివరి అమావాస్య. సరిహద్దుకు రెండు పక్కలా రైతులకు అది పెద్ద పండుగ. ఆరోజు అందరూ చేనుకు పోయి, పైరుకు మొక్కి, రకరకాల కూరగాయలు, గింజలు కలిపి వండిన భజ్జి, సజ్జ రొట్టెలు, అంబలి తిని వస్తారు. 2019లో డిసెంబర్ 26నే పడింది. నిన్న చర్చిలో, ఇవాళ చేలో. 2022లో క్రిస్మస్‌కు రెండు రోజుల ముందే వచ్చింది. అది అన్యాచారమని, పోవద్దని చెప్పే బోధకులు ఉన్నారు. వినేవాళ్లు వింటారు. మిగతావాళ్లు చేనుకు పోయి పైరుకు మొక్కకుండా ప్రార్థన చేసి భజ్జి తింటారు. కౌలుకిచ్చిన పటేలు, కౌలుకు చేసే క్రైస్తవుడు ఒకే గట్టు మీద కూర్చుని తినే రోజు అది. సంవత్సరంలో అలాంటివి ఎక్కువ లేవు.

ఇంతమంది ఉన్నారు కదా, లెక్కల్లో ఎందుకు కనపడరని అడిగేవాళ్లకు జవాబు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. దాని ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర బీసీ సి గ్రూపులో పడతాడు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. కాబట్టి బడి రిజిస్టర్లో ఒక మతం, డిసెంబర్‌లో ఇంకో మతం. దాన్ని మోసమని తేలిగ్గా అనేవాళ్లున్నారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో ఎవరూ గ్లాసు మార్చలేదు, చావిడి అరుగు మీద జాగా ఇవ్వలేదు. కులం పోనప్పుడు కులం కాగితం ఒక్కటే ఎందుకు పోవాలన్నది వాళ్ల ప్రశ్న. నా దగ్గర దానికి జవాబు లేదు, అడిగినవాళ్లను తప్పుపట్టే ధైర్యమూ లేదు.

ఇంగ్లండు పల్లెల సంగతులు చదువుతుంటే మా సర్క్యూటే కనపడుతుంది. ఇవాళ అక్కడ కూడా ఒకే గురువు చేతిలో అనేక ఊళ్ల చర్చిలు ఉండటం మామూలైంది. క్రిస్మస్ ముందు సాయంత్రం ఒక ఊళ్లో పిల్లల ఆరాధన, అర్ధరాత్రి ఇంకో ఊళ్లో ప్రభుభోజనం, మర్నాడు పొద్దున మూడో ఊరు. లోకమంతా రేడియోలో వినే తొమ్మిది పాఠాల క్యారల్ ఆరాధనను 1918లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చేపట్టింది కానీ, అది పుట్టింది కార్న్‌వాల్‌లోని ట్రూరోలో. 1880లో బెన్సన్ అనే బిషప్పు, పెద్ద గుడి ఇంకా కడుతుండగా, తాత్కాలికంగా వేసిన చెక్క షెడ్డులో దాన్ని జరిపించాడు. పండుగ రాత్రి మగవాళ్లు సారా కొట్ల పాలు కాకుండా చూడటానికే పెట్టాడని చెప్పుకుంటారు. మా దగ్గర రేకుల షెడ్డు ప్రార్థనకు కూర్చున్న ఆడవాళ్లకు ఈ కథ చెప్తే, బిషప్పు తెలివికి కాకుండా అక్కడి కల్లు బాధకు తలూపారు.

వెస్లీ నుంచి మాకు నేరుగా వచ్చిన పండుగ రాత్రి ఒకటుంది. అది ఇరవై నాలుగు కాదు, ముప్పై ఒకటి. బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్‌లో బొగ్గుగని కూలీలు వెనకట తాగి తందనాలాడిన రాత్రులనే మారుమనసు పొందాక ప్రార్థనలో గడిపేవాళ్లు. అది చూసి వెస్లీ మెచ్చుకుని మిగతాచోట్లా పెట్టించాడు. తర్వాత 1755 నుంచి నిబంధన ఆరాధన కూడా మొదలుపెట్టాడు. పాత ఏడాదిని సాగనంపి కొత్త ఏడాదిలో దేవుడితో మళ్లీ మాట కలుపుకోవడం దాని సారం. ఇప్పుడు తెలుగు చర్చిల్లో ఏ మిషన్‌వాళ్లయినా ముప్పై ఒకటి రాత్రి మేల్కొనే ఉంటారు. క్రిస్మస్‌కు రానివాళ్లు కూడా వస్తారు. చర్చి గడప ఎక్కని ఇళ్ల పిల్లలు సైతం పన్నెండింటికి లోపలికి వచ్చి నిలబడతారు.

పన్నెండు దాటాక వాగ్దానాలు పంచుతారు. బైబిల్ వాక్యాలు రాసిన చిన్న కాగితాలు మడిచి పళ్లెంలో పెట్టి తిప్పితే, తలా ఒకటి తీసుకుంటారు. వచ్చిన వాక్యం ఏడాది పొడుగునా ఇంటి గోడకు ఉంటుంది. చదవడం రానివాళ్లు బడి పిల్లల చేత చదివించుకుంటారు. ఒకసారి ఒక పెద్దమ్మ తన కాగితం నాకిచ్చి చదవమంది. ఓపిక పట్టమని చెప్పే వాక్యం వచ్చింది. చదివి వినిపించాను. ఆమె పెదవి విరిచి కాగితం నా చేతిలోనే ఉంచి, "పోయినేడు గూడ గిదే అచ్చింది బిడ్డా, పళ్లెం అటు పోకముందే ఇంకోటి తెచ్చియ్యి" అంది.